గడప దాటని కప్పు

నా పెళ్లి 2016 మే నెలలో కడపలో జరిగింది. మే నెలలో కడపలో పెళ్లేమిటని మీరడగొచ్చు. ముహూర్తం పెట్టే అయ్యవారు ఎండను లెక్కలోకి తీసుకోడు. అయినా మాది కర్నూలు. ఎండ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు.

పెళ్లయ్యాక మొదటిసారి అత్తగారింటికి పోయినప్పుడు ఐపీఎల్ ఫైనల్ వచ్చిపడింది. మే 29, ఆదివారం. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కూ, బెంగళూరు రాయల్ ఛాలెంజర్స్‌కూ. కొత్త అల్లుణ్ణి కదా, కూలరు నా వైపు తిప్పి పెట్టినారు. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే హైదరాబాద్ మనిషినని టాస్ వేసేదాకా నాకు తెలియదు.

ఇక్కడ మా సీమ భూగోళం కొంచెం చెప్పాలి. కర్నూలు వాడికి ఆస్పత్రి అన్నా, కోచింగ్ అన్నా, ఉద్యోగమన్నా హైదరాబాదే. తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ. కడప వాడి సంగతి వేరు. వాళ్లకు బెంగళూరూ మద్రాసూ ఇంచుమించు సమాన దూరం. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. బెంగళూరు బస్సు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. కాబట్టి కడప ఇళ్లల్లో తండ్రి చెన్నై, కొడుకు బెంగళూరు కావడం వింతేం కాదు. మా మామ ధోనీ భక్తుడు. మా బామ్మర్ది కోహ్లీ కోసం ప్రాణమిస్తాడు. మా అత్త మాత్రం, ఎవరో ఒకరు తొందరగా గెలిచి టీవీ ఆపితే చాలనే పార్టీ.

ఆ రాత్రి హైదరాబాద్ 208 కొట్టింది. బెన్ కటింగ్ ఆఖర్లో వచ్చి 15 బంతుల్లో 39. నేను మర్యాదగా, లోపల్లోపల సంతోషపడ్డాను. తర్వాత గేల్, కోహ్లీ దిగినారు. పదిన్నర ఓవర్లకు 114, ఒక్క వికెట్టూ పడలేదు. మా బామ్మర్ది అప్పుడు చదువుకునే పిల్లోడు. సోఫా మీద నిలబడి ఎగురుతున్నాడు. ఆ సంవత్సరం కోహ్లీ ఒక్కడే 973 పరుగులు చేసినాడు, సొంత ఊరు, సొంత జనం. ఎట్లా ఓడిపోతారు చెప్పండి?

ఓడిపోయినారు. గేల్ 76 దగ్గర పోయినాడు, కోహ్లీ 54 దగ్గర పోయినాడు, డివిలియర్స్ వచ్చినట్టే వచ్చి వెళ్లినాడు. 20 ఓవర్లకు 200. ఎనిమిది పరుగులు తక్కువ. పిల్లోడు ఎవరితోనూ మాట్లాడకుండా మిద్దె మీదికి పోయి పడుకున్నాడు.

పొద్దున కారం దోసె తింటుంటే నా నోరు ఊరుకోలేదు. "అది కాదు బామ్మర్దీ, మీ ఊరి పేరులోనే ఉంది కదా సమస్య. తిరుమల కొండకు గడప కాబట్టి కడప అయిందంటారు. మీ కప్పు కూడా అంతే. గడప దాకా వస్తుంది, లోపలికి రాదు."

ఇంట్లో ఒక్క క్షణం నిశ్శబ్దం. కొత్త అల్లుడు హద్దు మీరినాడేమో అని నా భార్య నా వైపు చూసింది. అప్పుడు మా మామ దోసె పక్కన పెట్టి, తీరుబడిగా చేయి కడుక్కుని అన్నాడు: "నిజమే అల్లుడూ. కానీ మీ కర్నూలుకు రాజధానే నాలుగేండ్లు నిలబడలే. 53లో ఇచ్చిరి, 56లో ఎత్తకపాయిరి. ఎత్తకపోయింది కూడా ఆ హైదరాబాదే. నువ్వేమో దానికే జై కొడతాండావు."

బామ్మర్ది ముందు నవ్వినాడు. అప్పటిదాకా నన్ను "మీరు" అని, "మంచినీళ్లు తెమ్మంటారా బావగారూ" అని అంటుండినవాడు, ఆ దోసెల దగ్గర్నుంచి "బావా, నువ్వు" లోకి దిగినాడు. పెళ్లి ముహూర్తం ఏదైనా, ఆ ఇంట్లో నేను అల్లుణ్ణయింది మాత్రం ఆ పొద్దునే.

మా మామ నోరు మంచిది కాదు. అప్పటినుంచి హైదరాబాదుకు మళ్లీ కప్పు రాలేదు. 2018లో ఫైనల్‌కు పోతే వాట్సన్ అజేయంగా 117 కొట్టి చెన్నైకి ఇచ్చినాడు. ఆ రాత్రి మా మామ ఫోన్ చేసి క్రికెట్ మాటే ఎత్తలేదు. "అల్లుడూ, వానలేమైనా పడినాయా?" అని అడిగి పెట్టేసినాడు. అంతకంటే పెద్ద వెక్కిరింత నేనెరగను.

బామ్మర్ది బాధ మాత్రం ఇంకా పాతది. 2009లో దక్కన్ ఛార్జర్స్ చేతిలో జోహన్నెస్‌బర్గ్‌లో ఓడినప్పుడు వాడు బడిపిల్లోడు. కుంబ్లే 16 పరుగులకు 4 వికెట్లు తీసినా, చివరికి ఆరు పరుగులు తక్కువ. అంతకు ముందు సంవత్సరం పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు వచ్చి కప్పు పట్టుకుపోయింది. 2011లో చెన్నైలో 58 పరుగుల తేడా. 2016 సంగతి చెప్పినాను కదా. మూడు ఫైనళ్లు, మూడు గడపలు. అందులో రెండు మా హైదరాబాద్ పేరు మీదివే. ప్రతి ఏడూ "ఈ సల కప్ నమ్దే" అని కన్నడంలో మొదలుపెడతారు, మే నెల వచ్చేసరికి మామిడికాయల లెక్కల్లో పడతారు.

అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది ఒక అంకె. 2017 ఏప్రిల్ 23. కోల్‌కతాలో బెంగళూరు గెలవాల్సింది 132. చేసింది 49. పది ఓవర్లు కూడా ఆడలేదు, ఒక్కడు కూడా రెండంకెలు చేరలేదు. అది ఫైనల్ కాదు, ప్లేఆఫ్ కూడా కాదు, మామూలు లీగ్ మ్యాచ్. అయినా ఫైనళ్ల కంటే ఎక్కువ కాలం బతికింది ఆ అంకే. ఐపీఎల్ చరిత్రలో ఇంతకంటే తక్కువ స్కోరు ఇంకోటి లేదు. వాడు హాస్టల్ ఖర్చులకు డబ్బులడిగితే చివర 49 వచ్చేట్టు పంపేవాణ్ణి. బస్సులో సీటెంతరా అంటే, ఎంతైనా సరే, "నలభై తొమ్మిది కాదు కదా?" అనేవాణ్ణి.

వాడూ తక్కువోడేం కాదు. "బావా, సరిగ్గా నాలుగేండ్ల ముందు, అదే ఏప్రిల్ 23న, 263 కొట్టినాం. గేల్ ఒక్కడే 175. దేవుడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నాడు. మీకు ఇచ్చిందీ లేదు, తీసుకుందీ లేదు."

మా చిన్నాన్న కొడుకు ఒకడు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటాడు. ఈ 49 కథ చెబితే వాడు పడీపడీ నవ్వి, అక్కడి బేస్‌బాల్ సంగతి చెప్పినాడు. బోస్టన్ జట్టు రెడ్‌సాక్స్ 1918లో టైటిల్ గెలిచింది. తర్వాత బేబ్ రూత్ అనే మొనగాణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కు అమ్ముకుంది. ఆ పైన ఎనభై ఆరేళ్లు గెలుపు లేదు. యాంకీస్ అభిమానులు బోస్టన్ వాళ్లను తిట్టేవాళ్లు కాదట. స్టేడియంలో అందరూ కలిసి ఒక్క అంకె అరిచేవాళ్లట, "నైంటీన్ ఎయిటీన్" అని. అంతే, ఇంకేం అక్కర్లేదు. 2004లో ఏడు మ్యాచ్‌ల సెమీస్‌లో యాంకీస్ మూడు గెలిచి కూర్చుంది. ఇంకొక్కటి చాలు. వరసగా నాలుగు ఓడిపోయింది. అక్కడి పెద్ద లీగ్‌లో అంతకు ముందు అట్లా ఎవరూ ఓడలేదు. ఆ తర్వాత బోస్టన్ టైటిల్ కూడా గెలిచేసింది. అప్పుడు కొంతమంది జట్టు జెండాలు తీసుకుని శ్మశానాలకు పోయి, గెలుపు చూడకుండా పోయిన నాన్నల, తాతల సమాధుల దగ్గర పెట్టి వచ్చినారట.

ఆ చివరి మాట విన్నప్పుడు నేనేమీ అనలేకపోయినాను. మనకు ఆట వయసు ఇంకా చిన్నది. ఐపీఎల్ పుట్టింది 2008లోనే కదా. మన వెక్కిరింతలు ఇంకా శ్మశానం దాకా పోలేదు అనుకున్నాను.

నా వంతు 2024లో వచ్చింది. ఆ సంవత్సరం హైదరాబాద్ ఆట చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముంబై మీద 277, మళ్లీ బెంగళూరులోనే బెంగళూరు మీద 287. ఆ రాత్రి బామ్మర్దికి ఫోన్ చేసి, "287లోంచి 49 తీసేస్తే ఎంతరా, నాకు లెక్కలు రావు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. దాచుకున్నాడు. ఆ సంవత్సరం బెంగళూరు ఆడోళ్ల జట్టు మార్చిలోనే కప్పు గెలిచేసింది. నా భార్య ఆ మాట ఎత్తినప్పుడల్లా అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒక పార్టీ అయిపోయేవాళ్లు.

మే 26, చెన్నై, ఫైనల్. మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ శర్మ స్టంపు ఎగిరిపోయింది. హెడ్ మొదటి బంతికే అవుట్. 113కు ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్‌లో ఇంత తక్కువ ఎవరూ చేయలేదు. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో కొట్టేసింది. మా వీధిలో ఫైనల్‌కని బిరియానీ చెప్పుకున్న వాళ్లకు అది వచ్చేలోపే మ్యాచ్ అయిపోయింది.

ఫోన్ మోగింది. ఎత్తకపోతే ఎట్లా? ఎత్తినాను.

"బావా, మా మీద 287 కొట్టినారు కదా. ఈరోజు 113 కట్టినారు. ఇంకా 174 బాకీ ఉండాది. ఎప్పుడిస్తావో చెప్పు, వడ్డీ వద్దులే."

ఫోన్ ఎత్తాలి. అది మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టని చట్టం. ఓడినవాడు ఫోన్ ఎత్తాల్సిందే. గెలిచినవాడు ఆఖరి ఓవర్ అయ్యేదాకా చెయ్యకూడదు. మన జట్టును మనం ఎంతైనా తిట్టుకోవచ్చు, పక్కవాడు మన తిట్టును పట్టుకుని ఔనౌనంటే మాత్రం ఊరుకోం. ఇంకొకటి, వెక్కిరించేది మనిషిని, అంటే ఎదురుగా ఉన్న అభిమానిని. ఆటగాడి ఇంటిని కాదు.

ఈ చివరిది రాయాల్సి వచ్చింది సిరాజ్ వల్ల. హైదరాబాద్ పిల్లోడు, కానీ ఆడింది బెంగళూరుకు. మా ఇంట్లో వాడు అందరి మనిషి. 2019లో ఒక మ్యాచ్‌లో బాగా పరుగులిచ్చేసినాడు. క్రికెట్ మానేసి పోయి మీ నాన్నతో ఆటో తోలుకో అన్నారట జనం. ఈ మాట సిరాజే తర్వాత చెప్పినాడు. వాళ్ల నాన్న ఆటో నడిపే మనిషి. ఆ సంపాదనతోనే కొడుకును క్రికెట్టుకు పంపినాడు. 2020లో కొడుకు ఆస్ట్రేలియాలో ఉండగా పోయినాడు. మా బామ్మర్ది ఆ ముచ్చట చెప్పి, "ఇది యాడి ఎగతాళి బావా? మనం ఇట్లా ఎప్పుడైనా అనుకున్నామా?" అన్నాడు. లేదు. మన దగ్గర బావా బామ్మర్దులకు సరసం హక్కు. హక్కు అంటే లెక్క ఉంటుంది. ఇవ్వాళ నేనంటే రేపు నువ్వంటావు. మొహం తెలియనివాణ్ణి అంటే ఆ రేపు ఉండదు.

2025కు వద్దాం. బామ్మర్దికి అప్పటికే బెంగళూరులో ఉద్యోగం. మా మామకు ఆ ఏడు పట్టిందంతా శని. చెన్నై సొంత మైదానంలో 103 చేసి ఓడింది, చివరికి మొట్టమొదటిసారి పట్టికలో అట్టడుగున నిలిచింది. "మామా, వానలేమైనా పడినాయా?" అని నేనే ఫోన్ చేసినాను. ఏడేండ్ల బాకీ అది. హైదరాబాద్ కూడా ప్లేఆఫ్‌కు పోలేదు, కానీ మే 23న లక్నోలో బెంగళూరును 42 పరుగుల తేడాతో కొట్టింది. "గడప కూడా కనపడదురా ఈసారి" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

జూన్ 3, అహ్మదాబాద్. బెంగళూరు 190, పంజాబ్ 184. ఇంకా ఓవర్ పూర్తికాకముందే కోహ్లీ మైదానంలో మొహం చేతుల్లో దాచుకున్నాడు. నా భార్య టీవీ ముందు నిలబడి ఏడ్చింది. నా ఫోన్ మోగింది. అటు వైపు అరుపులు, టపాకాయలు, హారన్లు. వాడి గొంతు పోయింది.

"బావా. గడప దాటింది."

తొమ్మిదేండ్లుగా నేను వాడుకున్న మాటను నా చేతికే ఇచ్చేసినాడు. "ఆరు పరుగులే కదరా" అన్నాను, ఏదో ఒకటి అనాలని. "2009లో మీరు గెల్చింది గూడా ఆరే" అని పెట్టేసినాడు. నిజం చెబుతున్నా, సంతోషమే కలిగింది. దానితోపాటు జేబులో ఎప్పుడూ ఉండే తాళంచెవి పోయినట్టు కూడా అనిపించింది. ఇక వాణ్ణి ఏమని పిలవాలి?

మర్నాడు సాయంత్రం మా అత్త ఫోన్ చేసింది. ఆమె నాకు నేరుగా ఫోన్ చేయడం అరుదు. "నాయనా, టీవీ పెట్టు. అబ్బోడు ఫోన్ ఎత్తడం లేదు."

చిన్నస్వామి స్టేడియం గేట్లు. జట్టును చూడ్డానికి వచ్చిన జనం. రోడ్డు మీద కుప్పలు కుప్పలుగా చెప్పులు. మొదట ముగ్గురు అన్నారు, తర్వాత ఏడుగురు అన్నారు. ఆ రాత్రికి పదకొండు. ఎవరి తప్పో తేల్చడానికి వేరే వాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఫోన్ చేస్తూ ఉన్నాను. కలవదు. మళ్లీ చేస్తాను. మోగదు. మా చట్టంలో ఓడినవాడు ఎత్తాలి. గెలిచినవాడు ఎత్తకపోతే ఏం చేయాలో మేమెప్పుడూ అనుకోలేదు. నా భార్య పక్కన కూర్చుని వాడి స్నేహితుల నంబర్లు ఒక్కొక్కటే నొక్కుతోంది. నేను వాడికి చివరగా పంపిన మెసేజ్ చూసుకున్నాను. "సంబరం చేసుకో, మళ్లీ పదిహేడేండ్లకు గానీ రాదు" అని ఉంది.

ఎనిమిది దాటినాక వాడే చేసినాడు, వేరే ఎవరిదో ఫోన్ నుంచి. కబ్బన్ పార్కు దగ్గర మెట్రో రైలు ఆపలేదట. ఎం.జి. రోడ్డులో దిగి నడిచినాడట. కొంత దూరం పోయేసరికి ముందుకూ వెనక్కూ కదలడానికి లేదు. ఎవరో పెద్దాయన చేయి పట్టి ఒక అరుగు మీదికి లాగినాడట. ఒక చెప్పు పోయింది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. "నాకేం కాలేదు బావా. అమ్మకు చెప్పు." కాసేపు ఆగి, "అక్కడ చిన్నపిల్లోళ్లు కూడా ఉండారు బావా" అన్నాడు. నేనేమీ అడగలేదు.

ఆ శనివారం అందరం కడపలో కలిసినాం. మా అత్త వాణ్ణి గడప బయటే నిలబెట్టి, ముందు కాళ్లు చూసి, దిష్టి తీసి అప్పుడు లోపలికి రానిచ్చింది. ఆ రోజంతా ఎవరూ కప్పు మాట ఎత్తలేదు. వాడు ఎర్ర జెర్సీ తెచ్చుకోలేదు. టీవీలో ఎక్కడైనా బెంగళూరు అని వినిపిస్తే మా మామ చానల్ మార్చేవాడు. తొమ్మిదేండ్లలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

రాత్రి రాగిసంగటి, నాటుకోడి పులుసు. వాడు తల వంచుకుని తింటున్నాడు. నేనూ అంతే. మా మామ అటూ ఇటూ చూసినాడు. ఇక ఉండబట్టలేకపోయినాడు.

"ఏమిరా, మీ బావ ఒక్క మాట గూడా అంటాలేదు? మాటలు ఆలౌట్ అయినాయా ఏంది?"

బామ్మర్ది తల ఎత్తలేదు. పులుసులో సంగటి అద్దుకుంటూ అన్నాడు.

"నూట పదమూడుకు."

మా అత్తకు ఆ అంకె ఏమిటో తెలియదు. అందరం నవ్వుతుంటే ఆమె కూడా నవ్వి, వాడి కంచంలో ఇంకో ముద్ద వేసింది.